నష్టద్రవ్యము – నీలాపనింద

గడచిన ధనుర్మాసములో ఒకనాడు తిరుప్పావై ప్రవచనము ముగిసి, తీర్థగోష్ఠి అయిన పిమ్మట ఒక యువకుడు నా యొద్దకు వచ్చి దండము పెట్టి, కొంత సంకోచించి, ఒక ప్రశ్న వేసెను. అతడు విజయవాడ నగరములో ఒక బట్టల దుకాణమున గుమాస్తా. ఇంటికిని దుకాణమునకును ఆరు కిలోమీటర్ల దూరము. జీతములో నెలనెలా మిగిల్చి కొన్న సైకిలును గుడి వీధిలో తాళము వేసి నిలిపి, లోనికి పోయి స్వామిని సేవించి వచ్చులోపల అది మాయమయ్యెనట. ఇంటికి పోయి చెప్పగా ఒకరు "పోలీసు స్టేషనులో చెప్పు" మనిరి. మరియొకరు "స్వామి సన్నిధిలో పోయినది స్వామికే చెందినదనుకొనుము. శరణాగతుడవై యుండి స్టేషను మెట్లెక్కుట ఏమి?" అనిరి. మూడవవారు "గుడి ముందు పూలమ్ము పిల్లవాడు లేడా? వాడే తీసియుండును. వానిని పట్టుకొని నాలుగు తగిలించిన నిజము చెప్పును" అనిరి. "ఈ మూడు మాటలలో ధర్మమేది స్వామీ?" అని అతని ప్రశ్న.

సైకిలు చిన్న వస్తువే. కాని ప్రశ్న చిన్నది కాదు. మూడవ మాట చెవిని బడినంతనే నాకు ముప్పది యేండ్లనాటి నా తప్పిదమొకటి జ్ఞాపకము వచ్చి, ఆ సాయంకాలము అతనికి సరిగా బదులు చెప్పలేకపోతిని. మరునాడు చెప్పితిని. ఆ చెప్పినదానినే ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

మొదట రెండవ మాటను విచారింతము. ఇది భక్తుల నోట తరచుగా వినబడునది, వినుటకు ఇంపైనది. దీనికి ప్రమాణముగా ధనుర్దాసుగారి కథను చెప్పువారును కలరు. భగవద్రామానుజుల శిష్యులు కొందరు ఆరవేసికొన్న తమ వస్త్రముల కొంగులు చిరిగి యుండుట చూచి, నీవు చింపితివనగా నీవు చింపితివని ఒకరినొకరు నిందించుకొనిరి. చింపించినది ఆచార్యులే యని వారెరుగరు. పిదప ఒక రాత్రి ఆచార్యులు ఆ శిష్యులనే పంపి, ధనుర్దాసుగారి యింట నిద్రించుచున్న ఆయన భార్య పొన్నాచ్చి ఒంటిమీది నగలను తీసికొని రమ్మనిరి. ఆమెకు మెలకువ వచ్చెను. అయినను కదలక, ఒక ప్రక్క నగలు వారు తీసిన తరువాత, రెండవ ప్రక్కవియు తీసికొందురు గాక యని ఒత్తిగిల్లెను. ఆమె మేలుకొన్నదని బెదరి వారు పారిపోయిరి. భర్త ఇంటికి వచ్చి ఈ సంగతి విని మెచ్చుకొనలేదు సరికదా, "నేను ఇచ్చుచున్నాను అను తలంపుతో గదా ఒత్తిగిల్లితివి! ఊరక పడియున్నచో వారికి కావలసినది వారే తీసికొనియుందురు" అని మందలించెనట.

ఎంత గొప్ప కథ! కాని దీనిలో రెండు భాగములు కలవు. మనవారు రెండవ భాగమునే చెప్పుదురు. పొన్నాచ్చి విడిచినవి తన నగలు. వచ్చినవారు శ్రీవైష్ణవులని, ఏదో అవసరముండి వచ్చిరని ఆమె తలంచెను. ఆమె మనస్సులో కోపము లేదు, దుఃఖము లేదు, అనుమానము లేదు. అట్టి మనస్సు గలవారికి స్టేషనుతో పని లేదు, నిజమే. కాని మనలో పొన్నాచ్చులెందరు? సైకిలు పోయిన దినము మొదలు రాత్రి నిద్రపట్టక, పగలు వీధిలో కనబడిన ప్రతి సైకిలును తేరిపార జూచుచు, నోటితో మాత్రము "అంతయు స్వామి సంకల్పము" అనువారము మనము. మనకు సరిపడునది ఆ కథలోని మొదటి భాగము: బెత్తెడు గుడ్డ చిరిగినంతనే తోడివానిని దొంగ యన్న ఆ శిష్యుల భాగము.

మరియు 'నాది కాదు, భగవంతునిది' అను మాటను కొంచెము లోతుగా చూడవలెను. మన సంప్రదాయమున జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. సమస్తమును ఆయన సొత్తే. ఆత్మను తనదని తలంచుటయే మొదటి దొంగతనమని, దానికే ఆత్మాపహారమని పేరు పెట్టి, మిగిలిన చౌర్యములన్నియు దాని పిల్లలేయని పెద్దలు చెప్పిరి. మంచిది. అట్లైనచో నా చేతిలోని సైకిలును ఆయన నాయందుంచిన న్యాసము. పొరుగువాడు ఊరికి పోవుచు మన యింట దాచిన పెట్టెను దొంగ యెత్తుకొనిపోయినప్పుడు "అది నాది కాదు గదా" యని కాళ్ళు చాపుకొని కూర్చుందుమా? పరుల సొత్తు కనుకనే మరింత తత్తరపడి వెదకుదుము. మమకారము వదలుట వేరు, అజాగ్రత్త వేరు. ఈ రెంటికిని వేషము ఒక్కటే యగుటచేత మోసపోవుచున్నాము.

ఇంతేకాదు. నా సైకిలును తీసినవాడు అంతటితో ఆగడు. రేపు మరియొకనిది తీయును. అతడు తెల్లవారుజామున పాలు పోయువాడో, వీధివీధి తిరిగి కత్తులు సానబట్టువాడో కావచ్చును. వానికి ఆ రెండు చక్రములే జీవనము. నేను ఊరకుండుట నా వైరాగ్యమే యనుకొందము. దాని వెలను చెల్లించువాడు మాత్రము నేను కాను.

కావున చెప్పవలెను. ఎవరికి చెప్పవలెనో ధర్మశాస్త్రములు స్పష్టముగా చెప్పినవి. దొంగలు తీసిన ద్రవ్యమును రాజు రాబట్టి, అన్ని వర్ణములవారికిని తిరిగి ఇప్పింపవలెనని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. దానిని రాజు తానే అనుభవించినచో దొంగ పొందు పాపమే రాజు పొందును. గౌతముడు ఇంకొక అడుగు ముందుకు వేసి, రాబట్టలేనిచో తన కోశమునుండి ఇయ్యవలెననెను. ఇది ఏ ప్రభుత్వమునకును రుచించు మాట కాదు. అది యట్లుండనిండు. రాజుకు తెలిసిన గదా రాబట్టుట? తెలుపుట పోగొట్టుకొన్నవాని వంతు.

ఎట్లు తెలుపవలెనో కూడ మనువు చెప్పెను. దొరికిన ద్రవ్యమును చూచి "ఇది నాది" యని వచ్చినవానిని ఊరక నమ్మరాదు. పోయిన చోటు, పోయిన కాలము, వస్తువు రంగు, ఆకారము, పరిమాణము వానిచేత చెప్పింపవలెను. సరిగా చెప్పినవానికి ఇయ్యవలెను. చెప్పలేనివాడు ఆ వస్తువుతో సమానమైన దండుగ కట్టవలెను. నేడు స్టేషనులో అడుగునవియు ఇవియే: ఎచ్చట పోయినది, ఎన్ని గంటలకు, ఏ కంపెనీ, ఏ రంగు, ఎంత ఎత్తు, ఫ్రేము నంబరెంత. ఈ శ్లోకములను నేను విద్యార్థులకు ఏండ్ల తరబడి పాఠము చెప్పితిని. నా సైకిలు పోయిన దినమున ఆ నంబరు నాకు తెలియదని స్టేషనులో తేలెను! ఆ నంబరు సాధారణముగా సీటు క్రింది గొట్టముమీదనో, పెడళ్ళ ఇరుసు అడుగుననో పోతపోసినట్లు అచ్చుగ్రుద్ది యుండును. కొన్ననాడే దానిని రసీదుతో సరిచూచుకొని, ఇంటిలో పోకుండ ఉండు కాగితముమీద వ్రాసికొనవలెను. పూర్వము అనేక పురపాలక సంఘములు సైకిలుకు పన్ను కట్టించుకొని రేకుబిళ్ళ ఇచ్చెడివి. ఆ బిళ్ళను చూచి మనము విసుగుకొంటిమే గాని, అది యజమానికి ఒక సాక్ష్యము.

ఇప్పటి చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పెదను. 1860 నాటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహితయు, విచారణ పద్ధతికి భారతీయ నాగరిక సురక్షా సంహితయు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినవి. దొంగతనము ఏ స్టేషను పరిధిలో జరిగినను మరియొక స్టేషనులో సమాచారము ఇయ్యవచ్చును. ఎలక్ట్రానిక్ మార్గమున పంపినచో మూడు దినములలోగా వచ్చి సంతకము చేయవలెను. వ్రాసికొన్న సమాచారము యొక్క ప్రతిని ఇచ్చినవానికి ఉచితముగా ఇయ్యవలెను. స్టేషనులో వ్రాసికొనుటకు నిరాకరించినచో, పై పోలీసు అధికారికి వ్రాతమూలకముగా తపాలాలో పంపుటకు హక్కు కలదు. కొత్త సంహితలో నాకు నచ్చిన విషయమొకటి ఉన్నది. ఐదువేల రూపాయలకు లోబడిన దొంగతనము చేసి మొదటిసారి శిక్షపడినవాడు, ఆ వస్తువునో దాని వెలనో తిరిగి ఇచ్చినచో, సమాజసేవయే శిక్షగా విధింపబడును. మన ప్రాయశ్చిత్త ప్రకరణములను చదివినవారికి ఇది పరాయిదిగా తోపదు.

పెద్దవాండ్రు కొందరు వస్తువు పోగానే కార్తవీర్యార్జునుని స్మరింపుమందురు. ఆ రాజు ఏలినంతకాలము ఎవరి ద్రవ్యమును నశింపలేదని విష్ణుపురాణము నాలుగవ అంశమున నున్నది. ఆచారము దానినుండియే వచ్చెను. ఆ నామమును జపించుచు స్టేషనుకు నడచుటలో నాకు విరోధమేమియు కనబడదు. అయితే ఆ కార్తవీర్యుని చివరి కథ ఏమి? జమదగ్ని మహర్షి యింట విందు గుడిచి, ఆయన హోమధేనువును దూడతో గూడ బలవంతముగా తోలించుకొనిపోయి, పరశురాముని చేతిలో హతుడయ్యెను. దొంగలులేని రాజ్యము నేలినవాడే దొంగ యయ్యెను. ఇది ఆలోచింపదగినది. పోగొట్టుకొన్నవానికి అన్నిటికంటె దగ్గరగా పొంచియున్న ప్రమాదము కూడ ఇట్టిదే. సైకిలును పోగొట్టుకొన్నవాడు మరునిమిషమున ఇంకొకని పేరును దొంగిలించును.

శమంతకోపాఖ్యానము ఎరుగనివారెవరు? సత్రాజిత్తుకు సూర్యుని వలన మణి లభించెను. శ్రీకృష్ణుడు దానిని యాదవరాజుకొరకు ఒకమారు అడిగెను, అతడు ఇయ్యలేదు. తరువాత అతని తమ్ముడు ప్రసేనుడు దానిని ధరించి వేటకు పోయి తిరిగి రాలేదు. అడవిలో సింహము ప్రసేనుని, గుర్రమును చంపెను. జాంబవంతుడు సింహమును చంపి మణిని తన బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చెను. ఈ సంగతి ద్వారకలో నెవరికిని తెలియదు. సత్రాజిత్తు మాత్రము "కృష్ణుడే నా తమ్ముని చంపి యుండును" అనెను. ఆ మాట చెవినుండి చెవికి ప్రాకెను. అతని కున్న ఆధారమేమి? ఒకమారు అడిగెను గనుక తీసియుండును. ఇంతే.

భాద్రపద శుద్ధ చవితినాడు మన ఊళ్ళలో అక్షతలు చేతబట్టి ఈ కథను విందురు. దశమస్కంధము పారాయణము చేయు వైష్ణవ గృహములలో ఏటేట చదువుదురు. ఎందులకు? తమమీద నీలాపనింద పడకుండవలెనని. తాము ఒకరిమీద వేయకుండవలెనని ఈ కథ విన్నవారిని నేనింతవరకు చూడలేదు. నేనును అట్లు వినలేదు.

1994 ధనుర్మాసమున ఆ నగరములోనే ఒక గుడిలో ప్రాతఃకాలమున తిరుప్పావై చెప్పుటకు నేను ప్రతిదినము సైకిలుపై పోవుచుంటిని. ఉద్యోగములో చేరిన కొత్తలో కొన్న నల్లని సైకిలు అది. గుడి మెట్ల ప్రక్కన భక్తుల చెప్పులు కాపలా కాచి, వారిచ్చు చిల్లర తీసికొను బాలుడొకడుండెడివాడు. వానికి పదుమూడు పదునాలుగేండ్లుండును. ఒకనాడు వాడు "అయ్యగారూ, ఒక్క చుట్టు తొక్కి తెచ్చిస్తాను, ఇవ్వండి" అని సైకిలు అడిగెను. నేనీయలేదు. నాలుగు దినములకు సైకిలు పోయెను. ఆ ఉదయము చెప్పులవద్ద ఆ బాలుడును లేడు. నా మనస్సులో ఈ రెండును క్షణములో ముడివడినవి. గుడి ముందు నలువదిమంది చేరి "ఏమైనది, ఏమైన"దని అడుగుచుండగా నేను పెద్ద గొంతుకతో "ఆ చెప్పులవాడు మొన్ననే అడిగినాడు" అంటిని. దొంగ యని అనలేదు. అనవలసిన పని లేదు. స్టేషనులో "ఎవరిమీదనైన అనుమానమున్నదా?" అని అడిగినప్పుడు అదే మాట చెప్పితిని.

మధ్యాహ్నమునకు వానిని ఇంటివద్దనుండి తీసికొనివచ్చి స్టేషనులో కూర్చుండబెట్టిరి. దీపములు పెట్టువేళ వరకు వాడచ్చటనే యుండెను. కొట్టిరని తరువాత వింటిని. వాడా ఉదయము జ్వరముతోనున్న చెల్లెలిని తల్లితో కలిసి ఆసుపత్రికి తీసికొనిపోయి యుండెను. చీటీ చూపిన తరువాత విడిచిపెట్టిరి. నాకు కొంత సిగ్గుగా నుండెను గాని, "అనుమానము తీరినది గదా" యని సమాధానపడితిని. మరునాటి నుండి వాడు గుడి ముందు కనబడలేదు. అదియు నాకు వెంటనే పట్టలేదు. నా ప్రవచనము సాగుచునే యుండెను!

మాఘమాసములో ఒకనాడు కూరగాయల బజారులో ఆకుపచ్చ రంగు వేసిన సైకిలొకటి నా కంటబడెను. వెనుక క్యారేజీకి ఎడమప్రక్క అతుకు వేసిన గుర్తు నాది. ఇంటికి వచ్చి పెట్టెలన్నియు వెదకగా పాత పంచాంగములో మడచిపెట్టిన రసీదు దొరికెను. నంబరు దానిలో నున్నది. అంతవరకు నేను చేసినదానిలో సరియైన పని యొక్కటే: సైకిలును పెనుగులాడి లాగుకొనక స్టేషనుకు పోయితిని. వారు వచ్చి రంగు గీకి చూడగా నంబరు సరిపోయెను. దానిని కొన్నవాడు బెండకాయలు, వంకాయలు గంపలో పెట్టుకొని వీధులలో అమ్ముకొనువాడు. పట్టపగలు, సైకిలు మరమ్మతు షాపు ముందు నలుగురెదుట 300 రూపాయలకు కొంటినని చెప్పెను. షాపువాడును అవుననెను. అమ్మినవాడు వయసు వచ్చిన మనిషి. ఇట్టివే మరికొన్ని సైకిళ్ళ విషయములో తరువాత పట్టుబడెను.

ఈ కొన్నవాని విషయము శాస్త్రములో అస్వామివిక్రయ ప్రకరణమున కలదు. యజమాని కానివాడు అమ్మిన వస్తువును యజమాని తిరిగి పొందవచ్చును. రహస్యముగా, అట్టి వస్తువు ఉండదగని మనిషివద్ద, మిక్కిలి తక్కువ వెలకు, వేళగాని వేళ కొన్నవాడు తానును దొంగయే యని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. నాలుగోవంతు ధరకే దొరికినదని మురిసిపోయి పాత సైకిలు కొనువారు ఈ మాటను చెవినిబెట్టుకొనవలెను, రసీదు అడుగవలెను. మన చట్టమును దొంగసొత్తని తెలిసి, లేక తెలిసికొనదగిన కారణముండి పుచ్చుకొనుటను నేరముగనే ఎంచుచున్నది. కాని బహిరంగముగా, తగిన వెలకు కొన్నవానికి దండము లేదని మనువు. అయినను వస్తువు యజమానిదే. అటువంటివాని నష్టమెవరు భరింపవలెను? దీనికి బృహస్పతి చెప్పిన తీర్పు నాకెంతయో నచ్చును. ఎరుగనివానివద్ద కొనుట ఒక పొరపాటు, తన వస్తువును కాపాడుకొనలేకపోవుట మరియొక పొరపాటు. కావున యజమాని సగము వెల ఇచ్చి తన వస్తువును తీసికొనవలెను. పన్నెండేండ్లు నడచిన సైకిలుకు 300 అన్యాయపు ధర కాదు. నేనతనికి 150 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి, అతడు ఎరుగక కొన్నవాడని అధికారితోను చెప్పితిని. చట్టము అడుగలేదు, బృహస్పతి అడిగెను.

సైకిలు ఇంటికి వచ్చెను. అప్పుడు గాని ఆ బాలుడు నాకు జ్ఞాపకము రాలేదు. ఇది వ్రాయుటకు నాకు కష్టముగా నున్నది.

వాని యింటిని వెదకుకొని పోయితిని. కాలువగట్టున ఒక చిన్న పాక. వాడు లేడు, తల్లి యున్నది. దొంగ దొరికినాడని, తన బిడ్డ తప్పేమియు లేదని చెప్పి, నూరు రూపాయల నోటు ముందు పెట్టితిని. ఆమె నోటును కాదనలేదు. తీసి చెంగున ముడివేసికొని ఇట్లనెను: "అయ్యగారూ, తమరు గుడి ముందర నలుగురూ వినగా అన్నారు. ఇక్కడికొచ్చి నాకు చెబితే ఎవరికి తెలుస్తుంది?"

నేను బదులు చెప్పలేదు. శమంతకమును తెచ్చిన కృష్ణుడు ఏమి చేసెను? సత్రాజిత్తు ఇంటికి పోయి చాటుగా చేతిలో పెట్టలేదు. మహారాజు సభలోనికి అతనిని పిలిపించి, మణి ఎట్లు దొరికినదో అందరి యెదుట చెప్పి, అప్పుడు ఇచ్చెను. సత్రాజిత్తు తలవంచుకొని మణిని పుచ్చుకొనిపోయెను. పిమ్మట కుమార్తెను, మణిని కూడ సమర్పింపగా కృష్ణుడు మణిని తిరస్కరించెను. ఎన్నిమార్లు చెప్పితిని ఈ ఘట్టమును! 'సభలో' అను మాట అచ్చట ఏల యున్నదో చెప్పులు కాచు పిల్లవాని తల్లి అడిగిన తరువాత గాని నాకు బోధపడలేదు. నింద ఏ చోట పడినదో ఆ చోటనే, అంతమంది చెవులలోనే కడుగబడవలెను.

ఆ శనివారము ప్రవచనానంతరము గుడి మెట్లమీద నిలుచుండి, ఆ బాలుని పేరు చెప్పి, వాడు నిర్దోషి యని, నిరాధారముగా నేనాడిన మాటచేత వానికి దెబ్బలు పడినవని చెప్పితిని. ఒక పెద్దమనిషి "ఇంత చిన్న విషయమునకు పండితులు ఇంతగా తగ్గవలెనా?" అని నొచ్చుకొనెను. చెప్పుల చోటు అప్పటికే మరియొకనికి పోయెను. బాలుని మేనమామ వేరొక ఊరిలో టిఫిను హోటలులో పనికి కుదిర్చెనట. వాడు చదువు మానెనో, అంతకుముందే మానియుండెనో నేనడుగ సాహసింపలేదు. భారతమున మాండవ్యుని కథ కలదు. దొంగలు ఆయన ఆశ్రమములో సొత్తు దాచి దాగియుండగా, మౌనవ్రతమున నున్న ఆయననే దొంగ యని రాజభటులు పట్టి శూలమున కెక్కించిరి. తరువాత రాజు తప్పు తెలిసికొని కాళ్ళమీద పడెను. శూలమును ఊడదీయ జూచిరి, రాలేదు, కోసివేసిరి. ములుకు మాత్రము లోపలనే యుండిపోయెను. అందుచేతనే ఆయనకు అణిమాండవ్యుడను పేరు. నేను చేసిన క్షమాపణ శూలమును కోసిన కోత వంటిది.

కావున ఆ యువకునితో నేనిట్లు చెప్పితిని. "నాయనా, ముందు గుడి చుట్టుప్రక్కల విచారింపుము, ఎవరైన త్రోవకడ్డమని ప్రక్కకు జరిపిరేమో చూడుము. ఆనాడే స్టేషనుకు పోయి వ్రాసియిమ్ము. పాత సైకిళ్ళు అమ్ము షాపులలో అడిగి చూడుము. కనబడినచో చేయి వేయకుము, వారికి తెలుపుము. వారు 'ఎవరిమీదనైన అనుమానమున్నదా?' అని తప్పక అడుగుదురు. కంటితో చూచినదేమైన నున్నచో దాచకుము. అది సాక్ష్యము, దాచుట తప్పు. చూచినది లేనిచో 'లేదు' అను ఒక్క మాట చెప్పుము. పూలమ్ము పిల్లవాని ఊసు ఎత్తకుము." అతడు కొంతసేపు తలవంచుకొని, "ఇంటివద్ద ఇప్పటికే నలుగురితో అన్నాను స్వామీ" అనెను. "ఆ నలుగురితోనే మరల చెప్పుము" అంటిని.

నాలుగు వారములు గడచెను. ఆ సైకిలు ఇంకను దొరకలేదు. అతడు బస్సులో వచ్చుచున్నాడు. మొన్న శనివారము సన్నిధికి వచ్చునప్పుడు అతని చేతిలో తులసిమాల యుండెను. ఎచ్చట కొంటివని నేనడుగలేదు. పూలపొట్లము కట్టిన అరటినార ముడి గుడి ముందరి ఆ పిల్లవాడు వేయునట్టిదే.